విలన్ యాస

మంగళవారం, ఎల్బీనగర్

ఈ రోజు మా కాలేజీ తెలంగాణ ఉద్యమ నాటకంలో చెరువు మింగే కాంట్రాక్టరు వేషం నా స్నేహితురాలు శ్రావణి వేసింది. తన గుంటూరు యాస విలన్‌కు సరిపోతుందని తనకే ఇచ్చారు. నోరు విప్పగానే హాలంతా ఎగతాళి గోల.

ఆ విలన్ మీద నేను వ్యాసం రాయాలి. భాషను కూడా విశ్లేషించమన్నారు సార్.

ఇంటికొచ్చే బస్సు దిల్‌సుఖ్‌నగర్ చేరింది. శ్రావణి దిగేముందు మెల్లగా అడిగింది.

"నా మాటతీరు గురించి కూడా రాస్తావా ఏంటే?"

"నీ మాట ఏం జేసిందే? వాడు చెరువు కబ్జా వెట్టిండు, గదే రాస్త."

నా చెయ్యి గట్టిగా నొక్కి వదిలి దిగిపోయింది.

యాస సంగతి వదిలేస్తే సార్ మార్కులు తగ్గిస్తారేమో. తగ్గించనీ.

తెలంగాణ రావాలి. శ్రావణి ఇక్కడే ఉండాలి. నాకు రెండూ కావాలి.