పాస్‌వర్డ్ అడగని కంప్యూటర్

1998 ఆగస్టు, మంగళవారం రాత్రి

వేరే కంపెనీ కోసం రాసుకున్న బయోడేటా సంగతి మేనేజర్ చెవిన పడింది. అది నా కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరో తెరిచి చూస్తున్నారు. అందుకే నిన్న సాయంత్రం, ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు, పక్క సీటు యాదగిరికి కూడా.

పొద్దున ఆన్ చేస్తే ఏమీ అడగకుండానే మొదలైంది. తేదీ చూస్తే 1980! రాత్రి ఎవరో డబ్బా విప్పి లోపలి చిన్న బ్యాటరీ పీకి పెట్టారన్నమాట. అది తీస్తే పాస్‌వర్డూ తేదీ రెండూ చెరిగిపోతాయి. యాదగిరి ఇంకా రాలేదు. గబగబా తేదీ సరిచేసి, నోరు మూసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం టీ దగ్గర వాణ్ణి ఊరికే కదిపాను.

"నా సిస్టం ఎవరైనా ముట్టుకున్నారా, యాదగిరీ?"

"ఎవరు ముడ్తరన్నా? ఊకె పరేషాన్ గాకు. బ్యాటరీ పాతదైతే గిట్లనే తారీఖు ఎనకకు పోతది."

తేదీ మాట నేను ఎత్తనే లేదు. నిన్న పనుందని ఆఫీసులో ఆగిపోయింది కూడా వాడే...

సాయంత్రం ఎప్పటిలాగే వాడి స్కూటర్ మీదే కూకట్‌పల్లి వచ్చాను. రోజూ వాడి భుజం మీద చెయ్యేసి కూర్చునేవాణ్ణి. ఇవాళ దారి పొడుగునా వెనకున్న స్టెప్నీ పట్టుకుని కూర్చున్నాను.