ఆ రోజు పగిలిన కూజా

తమ్ముడు లిన్‌షెంగ్‌కు,

డింగ్‌షూ నుంచి మీ అక్క హ్వేజెన్ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ బావా, ముగ్గురి పెట్టు అల్లరి చేసే నీ మేనకోడలూ కులాసాగానే ఉన్నాం. ఆ ఉరుంచి ఎండల్లో నువ్వూ నీ రైలు పట్టాలూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన కిస్‌మిస్ అందింది. దారిలోనే ఎవరో సగం తినేశారని మీ బావ అంటాడు, ఇంటికి వచ్చాకే ఎవరో తిన్నారని నేనంటాను. పాప మాత్రం నోరు విప్పదు. వెదురు మొలకలు ఎండబెట్టి పంపుదామంటే వానలు వదలడం లేదు. చేసిపెట్టిన కూజాలే ఆరక, ఈ నెల ఆవం రెండుసార్లే కాల్చారు. నా మణికట్టు నొప్పి సంగతి అడిగావు. తగ్గింది.

ఇక నీ అసలు ప్రశ్న. "మ్యూజియం కాగితం మీద నేను సంతకం పెట్టి పంపి రెండు నెలలైంది, నువ్వెందుకు పెట్టలేదక్కా?" అని కోప్పడ్డావు. న్యాయమే. ముత్తాత వెన్ దెశాన్ చేతి టీ కూజాల్లో మిగిలింది అదొక్కటే. దాన్ని మ్యూజియంలో ఆయన పేరుతో పెడతామంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నేనే ఎటూ తేల్చుకోలేకపోయాను. ఏం జరిగిందో వరసగా చెబుతాను.

మ్యూజియంలో పనిచేసే తాంగ్ అనే అమ్మాయి మొదట నాన్‌జింగ్ నుంచి ఒక పెద్దమనిషిని తీసుకొచ్చింది. ఆయన భూతద్దంతో మూత అంచు, కొమ్ము మొదలు, అడుగున ముద్ర, అన్నీ గంటసేపు చూసి, "నూటికి నూరుపాళ్ళూ అసలుదే" అన్నాడు. వారం తిరక్కుండా షాంఘై నుంచి ఇంకొకాయన వచ్చాడు. లోపలి టీ మరకను గోటితో గీకి, "నకలు. కానీ చేసినవాడు మహా గడసరి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మండటంలోనే ఎక్కడో కాస్త గర్వం కూడా కలిగిందంటే నవ్వుతావు. మీ బావ నవ్వనే నవ్వాడు. "ఒకడు మీ ముత్తాతను పొగిడాడు, ఇంకొకడు నిన్ను పొగిడాడు. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు.

నేను చేసిన నకలు నీకు గుర్తుందిగా. నువ్వప్పుడు తొమ్మిదేళ్ళవాడివి. ఫ్యాక్టరీలో నాకు కొత్తగా పేరొస్తున్న రోజులు. ముత్తాత కూజాను అచ్చం అలాగే దించి నాన్ననే తికమక పెట్టాలని పంతం పట్టాను. అది పగిలిపోయిందనీ, అసలుది మిగిలిందనీ ఇంట్లో అందరికీ తెలుసు.

నాకు పని నేర్పిన సాంగ్ మాస్టారి దగ్గరికి కూజా పట్టుకెళ్ళాను. ఆయనకు ఎనభై ఒకటి. పొద్దున చూసి, "మీ ముత్తాతదే. నీకింకా ఇంత ఓర్పు రాలేదు" అన్నారు. భోజనం అయ్యాక మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, మూత తిప్పి తిప్పి, "కాదే అమ్మాయీ, ఇది నీ చెయ్యే" అన్నారు.

"ఇదేమిటి మాస్టారూ, ఇందాక అలా అన్నారు?"

"ఇందాక కళ్ళతో చూశాను. ఇప్పుడు వేళ్ళతో చూశాను."

"మరి దేన్ని నమ్మమంటారు?"

"రెండూ ముసలివైపోయాయి. నీ ఇష్టం."

ఇంటికొచ్చి, పాత మట్టి తీసి అదే కూజా మళ్ళీ చేశాను. నా చెయ్యి ఎలాంటిదో నాకే తెలుస్తుందనుకున్నాను. పన్నెండు రోజులు పట్టింది. ఆవంలో కాలి వచ్చాక పక్కపక్కన పెడితే అచ్చు గుద్దినట్టుంది. దాంతో ఏం తేలింది? ఏమీ తేలలేదు. మిగిలింది నాదైనా అలాగే ఉంటుంది, ముత్తాతదైనా అలాగే ఉంటుంది.

లిన్‌షెంగ్, పదమూడేళ్ళుగా నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు పగిలింది ఏదో నాకు తెలియదు.

నాన్న రెండు కూజాలూ ముందు పెట్టుకుని ఎంతసేపు చూసినా పోల్చుకోలేకపోయాడు. "పొగరుబోతు పిల్ల" అని లేచిపోయాడు. అంతవరకూ ఎడమవైపుది నాదని నాకు గుర్తే. ఆ సంతోషంలో రెండూ కడిగి, తుడిచి, బోర్లించాను. మళ్ళీ తీయబోతుంటే చొక్కా చెయ్యి తగిలి ఒకటి జారింది. చప్పుడుకు నాన్న లోపలి నుంచి వచ్చేలోపే, "నాదే నాన్నా, నాదే పగిలింది" అనేశాను. అప్పటికే నాకు ఏది ఎటుదో తెలియదు. గుర్తుగా చిన్న గీతైనా పెట్టుకోలేదు. తేడా ఉండకూడదన్నదే కదా నా పంతం! లోపలి మరక కోసం నెల్లాళ్ళు టీలో ఉడికించింది కూడా నేనే.

నాన్న ఆ పెంకుల ముందు కూర్చుని ఏడ్చాడు. అమ్మ పోయిన రోజున కూడా ఆయన కంట నీరు చూడలేదు నేను. మర్నాటి నుంచి మిగిలిన దానిలోనే టీ కాచుకున్నాడు, పోయేదాకా. ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. పగిలింది అసలుదని కనిపెట్టి ఏడ్చాడా? అలాగైతే ఏళ్ళ తరబడి నా అబద్ధంలోనే టీ పోసుకుని తాగాడన్నమాట. లేక నా మాట నమ్మి, నా పనితనం పోయిందని ఏడ్చాడా? నన్ను ఒక్కసారీ మెచ్చుకోని మనిషి! ఎంత ఆలోచించినా నా బుర్రకు అందడం లేదు.

సోమవారం కూజా పట్టుకుని తాంగ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ పిల్ల కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "అక్కా, మీరీ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది" అంది. "నాకూ అలాగే ఉందమ్మా" అన్నాను. ముత్తాత పేరు పెట్టడం ఇక కుదరదట. కూజాను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, వానలో గేటుదాకా గొడుగు పట్టింది. నువ్వు సంతకం పెట్టిన కాగితం ఇందులో వెనక్కి పంపుతున్నాను. నీకు కోపం వస్తే తిట్టు, పడతాను.

కానీ తిట్టేముందు ఒకటి చెప్పు. ఆ సాయంత్రం నాన్న పెంకులన్నీ బుట్టలో వేసుకుని, నిన్ను వెంటబెట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. నువ్వు గొయ్యి తవ్వావు, ఆయన పూడ్చాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మట్టి కప్పాక నీ భుజం మీద చెయ్యి వేసి, వంగి నీతో ఏదో అన్నాడు. నువ్వు తలాడించావు. లోపలికొచ్చాక అడుగుదామంటే నాకు ధైర్యం చాలలేదు.

నాన్న నీతో ఏమన్నాడురా?

ఇట్లు,
నీ జవాబు కోసం పోస్టుమాన్ సైకిల్ గంట మోగినప్పుడల్లా లేచి చూసే
మీ అక్క
హ్వేజెన్