బావిలో పడని కొక్కెం

తమ్మీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మొన్న ఎండాకాలంలో నీ కొడుకు సదానందం పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాడు. పేపర్లో వాడి నంబరు నేనే వెతికాను. బడి మొహం చూడకుండా దుకాణాల బోర్డులు చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి కదా, బోర్డంత పెద్దగా లేని అక్షరాన్ని ఇప్పటికీ నమ్మను. మళ్లీ మళ్లీ చూశాను.

మేం పెట్టిన మిఠాయి నములుతూనే పక్కింటి కొమురయ్య మొదలుపెట్టాడు.

"గిప్పటియి ఏం పరీక్షలే అన్నా, ఉత్తగనే పాసైతాండ్లు. మన కాలంలనైతేనా!"

"నువ్వే కాలంల రాసినవ్‌రా?" అన్నాను.

అయినా అతని మాట కొట్టెయ్యలేను. నువ్వు చదివేనాటికి నవాబు సర్కారు, పరీక్షంతా ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, కాగితం మీద ఉర్దూ. నువ్వు మెట్రిక్ రెండుసార్లు తప్పి, ధాన్యం మార్కెట్లో హమాలీవయ్యావు. కొడుకు పాసైన రోజు బస్తాలెత్తే కొక్కేన్ని బావిలో పారేస్తానని ఒట్టు పెట్టుకున్నావు.

పాసైనప్పటి నుంచి ఉద్యోగం కోసం వాడు తిరగని ఆఫీసు లేదు. "డిగ్రీలోళ్లే లైన్ల నిలవడ్డరు పెదనాయినా" అన్నాడు చివరికి.

చనిపోయిన హమాలీ చోటు కొడుకుదే అని మార్కెట్లో కట్టుబాటు. ఈ పొద్దున మరదలు నీ కొక్కేన్ని మేకు మీంచి తీసి, తుప్పు తుడిచి వాడి చేతికిచ్చింది. తోడుగా నేను వెళ్లాను.

హమాలీల మేస్త్రి మార్కులు అడగలేదు. వాడి భుజం గట్టిగా నొక్కి చూసి, "నడుస్తది" అన్నాడు.