డబ్బాలో పట్టని కార్డు

నేను, కట్టబోయే ఇళ్ళ బొమ్మలు కంప్యూటర్‌లో గీస్తూ తల నెరిసినదాన్ని, పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. అసూయ మాట ఆయన అడగలేదు. అదీ స్థిరంగానే ఉంది.

1. నేను వాడుతున్న కంప్యూటరు, దాని ఫ్యాన్ల రొదతో సహా, నా తదనంతరం మా వీధి మెకానిక్‌కు చెందాలి. అందులో బొమ్మలను తెరమీదకు తెచ్చే గ్రాఫిక్స్ కార్డు నా చెల్లెలు వాడి వదిలేసినది. అంతకుముందుదీ అంతే. ఈ పని తనకు నేర్పింది నేనే. మొదటి తరం కార్డు ధర నా జీతంలో సగం. కొందామనుకునేలోపు రెండో తరం వచ్చింది, నెల జీతమంతా అడిగింది. మూడోది మూడు జీతాలు. నేను మెట్టెక్కితే అది మేడెక్కేది. చెల్లెలు మాత్రం వచ్చినరోజే కొనేది. "అక్కా, నా పాతది నీకిస్తాలే" అనేది, ప్రేమగానే. ఆ ప్రేమకే నాకు ఒళ్ళు మండేది. ఆఫీసులో అందరూ తన బొమ్మ చుట్టూ మూగితే నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాను.

2. నా ఉన్ని దుప్పటి చెల్లెలి కూతురికి. తల్లి అడిగినా ఇవ్వకూడదు.

3. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో కొన్న ఐదో తరం కార్డు బీరువాలో చీరల కింద ఉంది. దాని ధర విని చెల్లెలు మొదటిసారి "అమ్మో, మరీ ఇంతా!" అని వెనక్కి తగ్గింది. ఆ మాట వినగానే వెళ్ళి కొన్నాను. తీరా చూస్తే నా సీపీయూ డబ్బాలో నాలుగు వేళ్ళ మేర పట్టలేదు. ధర మీదున్న కళ్ళకు పొడవు ఆనలేదు. అయినా తన దగ్గర లేనిది నా దగ్గరుందని రోజూ బీరువా తీసి మురిసిపోయాను.

ఆ కార్డును చెల్లెలికి సర్వహక్కులతో రాసిస్తున్నాను. ఒక షరతు. మేమిద్దరం పక్కపక్కన ఉండాలని నేను గీసిన రెండు వాటాల ఇల్లు ఒకటుంది. నా పాత కార్డు సగంలోనే చేతులెత్తేసింది. కొత్తదానితో ముందుగా ఆ బొమ్మే పూర్తి చేయాలి. పెద్ద బాల్కనీ నా వైపే ఉండాలి. కింద నా పేరు ముందు, తన పేరు తర్వాత.

4. వీటిని అమలు జరిపే బాధ్యత మా ఆఫీసు అకౌంటెంటుగారిది.

సాక్షి సంతకం చేసినవాళ్ళకు ఆస్తి దక్కదని ప్లీడరుగారు చెప్పారు. ఇందులో ఏముందో తెలియని చెల్లెలు ఎప్పటిలాగే అందరికంటే ముందు పెన్ను పట్టుకుని వచ్చింది. చెయ్యి పట్టి ఆపాను. కింది వాటా నర్సును పిలిచి సంతకం చేయమంటే "నాకంటే ఆవిడ ఎక్కువైందా?" అని మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తన ముఖంలో అసూయ చూడటం నాకిదే మొదలు. అచ్చం నాలాగే ఉంది.

తేదీ: మార్చి 4, సాయంత్రం

(సంతకం) అక్క

సాక్షులు:
కింది వాటా నర్సు
ఎదురింటి టైలరు