నది కింద అత్తయ్య పరుగు

ఏమండీ,

ముందు మన కొట్టు అరుగు మీద కూర్చోండి, తర్వాత చదవండి. నేనూ అత్తయ్యా నది దాటేశాం! అవతలి ఒడ్డున చిన్నత్తయ్య ఇంట్లో తడిబట్టలు పిండుకుని ఇప్పుడే కలం పట్టాను.

చెప్పకుండా వచ్చినందుకు తిట్టండి, పడతాను. చెబితే పంపేవారా? మామయ్య నది కింద చిక్కుకుని పోయిన నాటి నుంచి "అమ్మ నడవలేదు" అంటూ మీరు ఆవిడని గడప దాటనివ్వలేదు. సొంత చెల్లెలు మంచాన పడి కబురంపినా సరే. ఆవిడ వంటింట్లో గోడకి తిరిగి ఏడవడం నేను చూశాను, మీరు చూడలేదు.

రోజూలాగే మధ్యాహ్నం నది లేచింది. నీళ్లన్నీ దుప్పటి ఎత్తినట్టు పైకి లేచి, మేడంత ఎత్తున పారుతున్నాయి. కాళ్ల కింద బురద, నెత్తి మీద చేపల పొట్టలు! ఎండ ఆకుపచ్చగా పడుతోంది. సగం దూరం వచ్చాక అత్తయ్య ఆగిపోయారు. "ఇక్కడేనే, ఆయన..." అని నేల ముట్టుకున్నారు. అప్పుడే ఒడ్డు మీది కావలివాడు బూర ఊదాడు. నది దిగబోతోంది!

"అత్తయ్యా, పదండి!"

"ఉండవే, ఆయనతో ఒక్క మాట చెప్పుకోనీ."

పైనుంచి చినుకులు, ఆ వెంటనే ఓ చేప దబ్బున నా నెత్తిన. అత్తయ్య పకపకా నవ్వి, చీర ఎగదోపి పరుగందుకున్నారు. మోకాళ్ల నొప్పులావిడ! నేనే వెనకబడ్డాను. "ఏమే, నడవలేనిది నేనా, నువ్వా?" అంటూ నన్ను ఒడ్డుకి లాగారు. మా వెనకే నది దభీమని పడింది.

అక్కాచెల్లెళ్లు ఒకే మంచం మీద కూర్చుని ఏడుస్తున్నారు, తిట్టుకుంటున్నారు. అత్తయ్య మాట ఇది: "నాకెప్పుడూ భయం లేదే. భయం వాడిది. వాడి మనసు కష్టపెట్టలేక ఇంట్లో కూర్చున్నా. తల్లి కావాలంటే వాడినే రమ్మను." నేనూ ఆవిడతోనే ఉంటాను. కోపంలో భోజనం మానకండి.

మీ ఇంటావిడ

ఒసేయ్ మొండిదానా,

నీ ఉత్తరం చదివి, మిమ్మల్ని తిట్టి లాక్కొద్దామనే ఒడ్డుకి పరిగెత్తాను. ఒడ్డునే ఆగిపోయాను. ఆ తర్వాత రోజూ వచ్చినా నది లేచేది, నా కాళ్లు లేచేవి కావు. ఇవాళ గాడిదలు తోలే ముసలామె చూసి, "ఎవరికోసం నాయనా?" అంది. "అమ్మ కోసం" అన్నాను. ఆ మాటకే ఏడుపొచ్చేసింది. ఆవిడ తన గాడిద తోక నా చేతిలో పెట్టింది.

కళ్లు మూసుకునే నడిచాను. మధ్యలో ఒక్కసారి తెరిచి పైకి చూశాను. ఎంత బాగుందే! నాన్న చివరిగా చూసింది ఇదన్నమాట.

ఇప్పుడు మీ ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. లోపలికి రావడానికి మొహం చెల్లక ఈ కాగితం పంపుతున్నాను. అమ్మని ఓసారి కిటికీ దగ్గరికి రమ్మను.

నీ మొగుడు