నీ బల్ల మీద గంటసేపు

రూతూ,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఇవాళ్టి సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

కరోనాకి మూసిన కాలేజీ మళ్లీ తెరిచాక ఈరోజే మొదటి పరీక్ష. నీ అర్జీ ఒప్పుకున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్లను అరగంట కాదు, గంట వరకూ లోపలికి రానిస్తున్నారు.

ఆ అర్జీ మీద నేను సంతకం పెట్టలేదు. రూలు అందరికీ ఒకటే ఉండాలన్నాను. “నీకు బేర్ సరాయ్‌లో గది నుంచి పది నిమిషాల నడక. నాకు ఫరీదాబాద్ నుంచి రెండు గంటలు. ఆపైన గేటు దగ్గర జ్వరం చూసే లైను. ఇద్దరికీ అరగంటే అంటే న్యాయమెక్కడుందే?” అన్నావు. తర్వాత మాట్లాడుకోలేదు. పదిహేను రోజులకు నీ నంబరు నుంచి ఫోనొస్తే, కోపం తీరిందనుకుని ఎత్తాను. మీ అమ్మగారు. ఆసుపత్రి నుంచి. నువ్వు పోయావని చెప్పారు.

జాబితాలోంచి నీ పేరు ఎవరూ తీయలేదు. నా ముందు బల్ల మీద నీ రోల్ నంబరు అంటించి ఉంది. మేడమ్ అక్కడ ప్రశ్నపత్రం పెట్టి, “యే లడ్కీ కహాఁ హై?” అని, ఈ అమ్మాయెక్కడని నన్నడిగింది. నువ్వు లేవని చెప్పాలి.

“ఆ రహీ హై, మేడమ్,” అన్నాను. వస్తోందని.

గంటసేపు ఆ కాగితం ఫ్యాను గాలికి లేచి పడుతూనే ఉంది. తలుపు చప్పుడైన ప్రతిసారీ నేను తలెత్తాను.

గంట కాగానే మేడమ్ దాన్ని తీసేసింది. ఇంత టైమిచ్చినా రాదేమని హిందీలో విసుక్కుంటూ, నీ పేరు ఎదుట ఎర్రగీత కొట్టింది. దాని కిందే నా పేరు ఎదుటి గడిలో నన్ను సంతకం పెట్టమంది.

ఈసారి పెట్టాను.