పారిస్‌లో దిష్టి తీశాను

పారిస్, మంగళవారం రాత్రి

పొద్దున టవర్ దగ్గర ఎవరెవరో మా చిన్నదాన్ని ఎత్తుకుని ముద్దు చేశారు. సాయంత్రానికి దాని ఒళ్లు కాలిపోతోంది. జ్వరం మందు పోశాను. నల్లపాడు నుంచి అత్తయ్య వీడియో కాల్‌లో, "దిష్టేనమ్మా! మన చేలో మిరపకాయలు తీసుకెళ్లావుగా, తీసెయ్" అన్నారు.

తీసి, ఈ అద్దె ఫ్లాట్‌లోనే పెనం మీద మాడ్చాను. ఘాటుకి అందరం దగ్గాం. ఫైర్ అలారం మోగి, బిల్డింగంతా చలిలో రోడ్డు మీదికొచ్చింది. పెద్దాడికి మాత్రం పండగే, ఫైరింజన్ ఎప్పుడొస్తుందని ఒకటే గోల. మా ఆయన అందరికీ సారీ చెప్పుకుంటూ తిరిగారు.

లోపలికొచ్చాక, "దిష్టి తగిలితే అసలు ఘాటే రాదంటారుగా! ఇంక దిగులెందుకు?" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. దిష్టయితే మిరపకాయలతో పోయేది. పిల్ల ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది. దిష్టి కాకపోతే మరి ఇదేంటి...